కూలర్ ప్లగ్గు మార్చబోతే పని ఎర్తు గుంత దాకా పోయింది

శనివారం సాయంత్రం

పని ఏమిటంటే మా ఇనుప కూలర్‌కు వైరు, ప్లగ్ టాప్ రెండూ మార్చడం. అనంతపురంలో ఏప్రిల్ వచ్చిందంటే కూలర్ లేకుండా మధ్యాహ్నం గడవదు, 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వేస్తే వేడిగాలి తప్ప ఇంకేం రాదు. అటక మీది నుంచి దింపి, పాత గడ్డి పీకేసి కొత్తది పెట్టి, నీళ్ళు పోసి వేశాం, బాగానే తిరిగింది. నీళ్ళు ఎంత ఉన్నాయో చూద్దామని మా అత్త పక్క తలుపు పట్టుకుని వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇదేందమ్మా, తాకితే జుమ్మంటాంది" అంది. పోయినేడు కూడా అట్లే అంటా ఉండె, ఏం కాదులే అని మా ఆయన. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే చెప్పులు వేసుకుని ఆరిన గచ్చు మీద నిలబడితేనే అది జుమ్మనడం, అదే తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి పట్టుకుంటే మనిషిని వదలకపోవచ్చు, కూలర్ చుట్టూ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కూడా.

ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు సాకెట్‌లోంచి పూర్తిగా పీకి, తర్వాతే ఏదైనా ముట్టుకున్నాను. స్విచ్చి ఆపితే చాలదా అంటే చాలదు, ఎందుకో కింద వస్తుంది.

ప్లగ్ టాప్ విప్పి చూస్తే విషయం అక్కడే బయటపడింది. వైరు మూడు కోర్లదే, ఎరుపు, నలుపు, పచ్చ. కానీ తగిలించింది టూ పిన్ టాప్. పచ్చ తీగను పైతొడుగు అంచు దగ్గరే నున్నగా కోసేశారు, అక్కడొక తీగ ఉండేదని కూడా పట్టి చూస్తే గానీ తెలియదు. పాత హాల్లో టూ పిన్ సాకెట్లే ఉండేవి కాబట్టి అప్పట్లో ఎవరో సులువు చూసుకున్నారు.

ఇక్కడే అందరం మోసపోతాం. ఫ్యాను తిరగడానికి ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, న్యూట్రల్, అంటే అది తిరిగి పోయే తీగ, ఈ రెండూ చాలు, పచ్చ వైరుకు, అంటే ఎర్తుకు, ఆ తిరగడంతో సంబంధమే లేదు. అది లేకపోయినా కూలర్ చల్లగాలి ఇస్తుంది, గ్రైండర్ పిండి రుబ్బుతుంది, ఫ్రిజ్జు ఐసు కడుతుంది. ఫేజు ఊడితే నిమిషంలో తెలుస్తుంది, ఎర్తు ఊడితే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు, లోపల ఎక్కడో ఇన్సులేషన్ పాడై ఫేజు ఇనుప రేకుకు తగిలిన రోజున మాత్రం ఆ కరెంటు నేలలోకి పోవడానికి మన ఒళ్ళు తప్ప దారి ఉండదు. అందుకని ఈసారి ప్లగ్గు ఒక్కటీ మార్చి ఊరుకోకుండా, ఆ పచ్చ తీగ కూలర్ రేకు దగ్గర మొదలై ఎక్కడి దాకా పోతుందో చివరికంటా చూడాలని అనుకున్నాను.

అదే సాయంత్రం, కూలర్ లోపల

ఎర్తు కట్టేసి లీకును అట్లే వదిలేయడం నాకు నచ్చని పద్ధతి, ముందు అది ఎక్కడుందో పట్టుకోవాలి. వెనక రేకు తీసి టార్చి వేస్తే పంపు మోటార్ వైరు అతుకు కనిపించింది. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, ఆ టేపు ఊడి, జిగురు కారి, తొట్టి అంచు రేకుకు ఆనుకుని ఉంది, గడ్డి మీది నుంచి కారే నీళ్ళు సరిగ్గా అక్కడే పడతాయి. ఆ ముక్క కోసేసి, అతుకును పైకి తెచ్చి, నీళ్ళు చేరని మూలలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో స్క్రూ కనెక్టర్‌తో పెట్టాను. వైరును డబ్బాలోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిప్పి పెట్టాలి, అప్పుడు తీగ వెంట జారే నీటి చుక్క ఆ వంపులో పడిపోతుంది గానీ అతుకులోకి పోదు.

ఆదివారం పొద్దున, పాతూరు

ఎలక్ట్రికల్ షాపులో అన్న అడిగిన మొదటి మాట, "ఆరు యాంప్సా, పదహారా అక్కా?" ఈ ప్రశ్నకు జవాబు వస్తువు వెనకున్న ప్లేటు మీదే ఉంటుంది. మా కూలర్ 200 వాట్లు, 230 వోల్టులతో భాగిస్తే ఒక యాంపియర్ కూడా కాదు. 6 యాంప్స్ టాప్ సుమారు 1,380 వాట్ల దాకా మోస్తుంది, కూలర్, మిక్సీ, 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె అన్నీ అందులోకే వస్తాయి. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది, దానికి లావు పిన్నుల 16 యాంప్స్‌దే వేయాలి. పాతవాళ్ళు 5, 15 యాంప్స్ అనే అంటారు, కొనేటప్పుడు ఆ మాటన్నా షాపులో ఇవే ఇస్తారు.

"కూలర్‌కేనా, టూ పిన్ది చాలు కదక్కా" అన్నాడు కూడా. చాలదన్నాను. టూ పిన్ ఏ వస్తువుకు చాలుతుందో దాని మీదే గుర్తు ఉంటుంది, చదరం లోపల ఇంకో చదరం. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం, సెల్ ఛార్జర్ల మీద, చాలా హెయిర్ డ్రయర్ల మీద కనిపిస్తుంది. ఇనుప ఒళ్ళున్న కూలర్‌కు, పైగా నీళ్ళు పోసే వస్తువుకు, ఆ లెక్క వర్తించదు.

టాప్ మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 1293 అన్న నంబరు చూసుకుని తీసుకున్నాను. చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, పిన్నులు నిండు ఇత్తడివి. సంతలో దొరికే చవక రకాల్లో ఇనుప పిన్నుకు ఇత్తడి రంగు పూత ఉంటుంది, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది.

వైరు దగ్గర ఇంకాస్త ఆలస్యమైంది. షాపుల్లో ఇప్పటికీ 23/36, 40/36 అనే అడుగుతారు, మొదటి అంకె లోపలి రాగి పోగుల సంఖ్య, రెండోది ఆ పోగు గేజు. 40/36 అంటే ఒక చదరపు మిల్లీమీటర్ కన్నా కాస్త ఎక్కువ. కూలర్‌కు సన్నది సరిపోయినా నేను ఒక చదరపు మిల్లీమీటర్, మూడు కోర్లది, పైన గుండ్రటి తొడుగున్నది తీసుకున్నాను. ఒక కారణం, వైరు కిటికీ బయట ఎండలో పడి ఉంటుంది. రెండోది, మన ప్లగ్గుల లోపల ఫ్యూజు ఉండదు. ఇంగ్లండు ప్లగ్గుల్లో ఉంటుంది, వీడియోల్లో "ప్లగ్గులో 3 యాంప్స్ ఫ్యూజు వేయండి" అని చెప్పేది వాటి సంగతి. ఇక్కడ వైరును కాపాడాల్సింది బోర్డు వెనకున్న ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తానే పడిపోయే స్విచ్చి) ఒక్కటే, అది 16 యాంప్స్‌ది అయితే 16 దాటేదాకా కదలదు, ఈలోగా జుట్టంత వైరు కాలి కరిగిపోతుంది. అందుకే సన్న వైరుకు పెద్ద టాప్ తగిలించి పవర్ ప్లగ్గులో పెట్టే అలవాటు మంచిది కాదు.

వైరు కొస కొద్దిగా గీకించి చూశాను. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. ఆ అన్న నవ్వి "మా దగ్గర అట్లాంటివి ఉండవులేక్కా" అన్నాడు గానీ గీకి చూపించాడు.

ఆదివారం మధ్యాహ్నం, ప్లగ్గు కట్టడం

ముందు రంగులు. కొత్త వైరులో గోధుమ, నీలం, పచ్చ-పసుపు చారలు ఉన్నాయి. గోధుమ ఫేజు, నీలం న్యూట్రల్, చారలది ఎర్తు. పాత పద్ధతిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు. గందరగోళం నీలంతో వస్తుంది. మన ఇళ్ళ వైరింగ్‌లో త్రీ ఫేజ్ ఉంటే ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, అంటే గోడలోని నీలం కరెంటు ఉన్న తీగ కావచ్చు, వస్తువు వైరులోని నీలం మాత్రం న్యూట్రల్. గోడ లోపలి తీగను రంగు చూసి నమ్మకూడదు.

టాప్ నడిమి స్క్రూ విప్పి మూత తీశాను. లోపల ఎల్ అంటే ఫేజు, ఎన్ అంటే న్యూట్రల్, ఇంకోదాని పక్కన ఎర్తు గుర్తు. గుర్తులు అరిగిపోయిన టాప్ అయితే ఇలా చూసుకోవాలి: గోడ సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్తు, మన కుడిచేతి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్. టాప్‌ను పిన్నులు మన వైపు ఉండేలా తిప్పి పట్టుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, మూత తీసి వెనక నుంచి చూస్తే మళ్ళీ సాకెట్ వరుసే.

వైరును ముందుగా మూత రంధ్రంలోంచి దూర్చుకోవాలి, అన్నీ బిగించాక గుర్తొస్తే మొత్తం మళ్ళీ విప్పాల్సిందే. పైతొడుగును నాలుగు సెంటీమీటర్ల మేర తీశాను, బ్లేడు చుట్టూ తిప్పి పైపైన గాటు పెట్టి వంచితే అదే విడిపోతుంది, లోతుగా కోస్తే లోపలి తీగల ఇన్సులేషన్ తెగుతుంది, అది బయటికి కనిపించదు కూడా. తర్వాత తీగలను వాటి వాటి పిన్నుల దాకా పరచి పొడవు కొలుచుకుని కోశాను. ఎర్తు తీగను మాత్రం కొంచెం పొడవు ఉంచి, లోపల వంపుగా సర్దాను. ఎవరైనా కూలర్‌ను జరుపుతూ వైరును గుంజితే ముందు ఫేజు, న్యూట్రల్ ఊడాలి, ఎర్తు ఆఖరున ఊడాలి. సాకెట్‌లోనూ ఇదే లెక్క ఉంది, ఎర్తు పిన్ను మిగతా రెంటికన్నా పొడవు, పెట్టేటప్పుడు ముందు అది తగులుతుంది, పీకేటప్పుడు చివరికి అది వదులుతుంది.

ఒక్కో కొసన సెంటీమీటర్ లోపు ఇన్సులేషన్ తీసి, పోగులన్నీ కలిపి గట్టిగా మెలితిప్పి, ఆ మెలిక కొసను వెనక్కి మడిచి పిన్ను రంధ్రంలో పెట్టాను. మడిస్తే తీగ లావవుతుంది, స్క్రూ కొస దాన్ని సరిగ్గా కరుస్తుంది. రంధ్రం లేకుండా స్క్రూ తల కింద చుట్టే రకం అయితే గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి, బిగించే కొద్దీ లోపలికి లాక్కుంటుంది. కొసకు సీసం పోసి గట్టిపరిస్తే మంచిదని కొందరంటారు, స్క్రూ కింద అది వద్దు, సీసం మెత్తన, ఒత్తిడికి కొన్నాళ్ళకు అణిగిపోయి స్క్రూ వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. ప్లగ్గులు నల్లబడి కరిగేది చాలాసార్లు ఇట్లాంటి వదులు స్క్రూ వల్లే.

ఒక పోగు బయటికి నిక్కి ఉంది. వెంట్రుకంత పోగే, కానీ పక్క పిన్ను వైపే చూస్తోంది. మళ్ళీ విప్పి, మెలితిప్పి, పెట్టాను. మూడూ బిగించాక ఒక్కో తీగను పట్టుకుని గుంజి చూశాను, కదల్లేదు. ఇక వైరు పట్టీ, అంటే రెండు చిన్న స్క్రూలతో వైరును టాప్‌కు అదిమి పట్టే ముక్క. దాని కింద పైతొడుగు ఉండాలి, లోపలి రంగు తీగలు కాదు. చాలా టాపుల్లో ఈ పట్టీని బిగించనే బిగించరు, కొందరు పారేస్తారు కూడా, దాంతో గుంజిన ప్రతిసారీ బరువంతా సన్న స్క్రూల మీద పడుతుంది.

ఇక్కడి పని సగమే. వైరు రెండో కొసన, కూలర్ లోపల, ఫేజు, న్యూట్రల్ స్విచ్చి దగ్గరికి పోతాయి, ఎర్తు మాత్రం రేకుకు పట్టాలి. రేకు మీద రంగు ఉంటే కరెంటుకు అది అడ్డమే, గరుకు కాగితంతో లోహం తళుక్కుమనేదాకా గీకి, కొసకు రింగు లగ్ వేసి, నట్టు, పళ్ళ వాషర్‌తో బిగించాను.

మల్టీమీటర్ పని, ప్లగ్గు సాకెట్‌లో పెట్టకుండానే

మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక ముల్లు ఎర్తు పిన్నుకు, ఇంకోటి కూలర్ రేకుకు. బీప్ వచ్చింది, ఓమ్స్‌లో చూస్తే ఒకటి లోపే. రేకును నాలుగు చోట్ల చూశాను, పక్క తలుపు దగ్గర రాలేదు! తలుపు రంగు వేసిన బందుల మీద ఊగుతోంది కాబట్టి దానికి ఎర్తు అందడం లేదు, మా అత్త పట్టుకునేది అదే తలుపు. చిన్న పచ్చ వైరు ముక్కతో తలుపునూ కూలర్ ఒంటినీ కలిపాను. ఫేజు పిన్ను నుంచి రేకుకు, న్యూట్రల్ పిన్ను నుంచి రేకుకు, కూలర్ స్విచ్చి వేసి కూడా చూడాలి, రెండిట్లోనూ బీప్ రాకూడదు, రాలేదు. సన్నటి లీకులను ఈ మీటర్ పట్టలేదు, దానికి ఎక్కువ వోల్టుల మీద ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ కావాలి, అది మన దగ్గర ఉండదు.

అదే రోజు, సాకెట్ దగ్గర ఆగిపోయింది

కొత్త ప్లగ్గు పెట్టే ముందు సాకెట్‌ను చూద్దామని టెస్టర్ తీశాను. పద్ధతి ఏమిటంటే ముందు కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టర్ వెలుగుతోందా చూడాలి, తర్వాత మనకు కావలసిన చోట, తర్వాత మళ్ళీ మొదటి చోట, లేకపోతే చచ్చిన టెస్టర్‌ను నమ్మి చెయ్యి పెడతాం. స్విచ్చి ఆపి ఉన్నా సాకెట్ ఎడమ రంధ్రంలో టెస్టర్ వెలిగింది. అంటే ఫేజు ఎడమకు వచ్చింది, స్విచ్చి న్యూట్రల్ మీద పడింది. ఇట్లాంటి బోర్డులో స్విచ్చి ఆపితే కూలర్ ఆగుతుంది, కానీ లోపల తీగల్లో కరెంటు అట్లే ఉంటుంది. నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు పీకమని చెప్పేది ఇందుకే.

ఎర్తు రంధ్రానికీ ఫేజుకూ మధ్య మీటర్ పెడితే 230 దగ్గర రావాలి, ఇక్కడ 90కి అటూ ఇటూ ఊగుతూ ఉంది. అట్లా ఊగడమంటే తీగ ఎక్కడో తెగి గాలిలో వేలాడుతోందని. మా ఆయన స్నేహితుడు ఫోన్లో ఉపాయం చెప్పాడు, సాకెట్ లోపలే న్యూట్రల్‌నూ ఎర్తునూ ఒక ముక్కతో కలిపేయమని. ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. స్తంభం దగ్గరో మీటర్ దగ్గరి కటౌట్ (ఫ్యూజు పెట్టె) దగ్గరో న్యూట్రల్ ఊడిపోయిందంటే, ఫ్యాను మోటార్ గుండా వచ్చిన ఫేజు వెనక్కి పోయే దారి లేక, ఆ ముక్క మీదుగా కూలర్ రేకు మీదికి వచ్చి కూర్చుంటుంది. ఎర్తు లేకపోవడమే దానికన్నా నయం.

గోడ బోర్డు నేను విప్పను, వస్తువు వైపు ప్లగ్గు వరకే నా హద్దు. మా వీధిలో వైరింగ్ చేసే భాయ్‌కి ఫోన్ చేశాను. కూలర్‌ను పక్కన పెట్టి ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నాం.

మంగళవారం

భాయ్ వచ్చి మెయిన్ ఆపాడు, ఫ్యూజు క్యారియర్ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. లోపల పని చేస్తుండగా ఎవరూ పొరపాటున వేయకుండా అంతకన్నా మంచి తాళం లేదు. ఇన్వర్టర్ కూడా ఆపించాడు, మెయిన్ తీసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది, చాలామంది ఇది మరిచిపోతారు.

బోర్డు విప్పి ఫేజు, న్యూట్రల్ సరిచేయడం ఎంతోసేపు పట్టలేదు. "ఎర్తు యాడుందక్కా?" అంటే వెనక బట్టలుతికే బండ పక్కన చూపించాను. ఇటుకల గూడు మీద మూత, మూత మీద చెత్త, తీస్తే జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు కొస, దాని మీద తుప్పు ముద్దగా మారిన నట్టు, ఆ నట్టు నుంచి ఊడి మట్టిలో పడి ఉన్న తీగ. అంటే మా ఇంట్లో ఉన్న త్రీ పిన్ సాకెట్ల పై రంధ్రాలన్నీ ఇన్నాళ్ళూ ఉత్త రంధ్రాలే.

కొత్త క్లాంపు, కొత్త జీఐ తీగ. పైపు చుట్టూ తవ్వగలిగినంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా వేశాడు, బొగ్గులు ఇస్త్రీ బండి ఆయన దగ్గర తెచ్చాం. పైన నీళ్ళు పోయడానికి గరాటు. నీళ్ళే ముఖ్యం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, ఎండాకాలంలో మట్టి పెంకులా ఆరిపోతుంది, ఆరిన మట్టిలోకి కరెంటు సరిగా దిగదు. ఎండలు ముదిరేసరికి కూలర్ వాడకం ఎక్కువ, ఎర్తు బలం తక్కువ, రెండూ ఒకేసారి వస్తాయి. మా అత్తకు అప్పజెప్పాను, తులసికోటకు పోసేటప్పుడు దీనికీ ఒక బిందె.

మెయిన్ వేసే ముందు అన్ని వస్తువుల ప్లగ్గులూ పీకించి, ఎవరూ ఏదీ తాకొద్దని చెప్పి, భాయ్ 100 వాట్ల పాత బల్బు హోల్డర్‌తో చూశాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ పెడితే వెలిగింది, ఫేజుకూ ఎర్తుకూ పెట్టినా అంతే వెలిగింది. ప్లగ్గులు పీకించడం, తాకొద్దనడం ఎందుకంటే, ఎర్తు తీగ ఇంకా ఎక్కడైనా తెగి ఉంటే ఆ బల్బు గుండా వచ్చే కరెంటు మిగతా వస్తువుల రేకుల మీదికి పోతుంది. అయితే బల్బు వెలిగిందని ఎర్తు భేషని కాదు. ఆ బల్బు లాగేది అర యాంపియర్ కూడా కాదు, గుంత నిరోధం 50 ఓమ్స్ ఉన్నా దాదాపు అంతే కాంతి ఇస్తుంది. అదే 50 ఓమ్స్ మీద కూలర్‌లో ఫేజు రేకుకు తగిలితే పారే కరెంటు 230ని 50తో భాగిస్తే నాలుగున్నర యాంపియర్లు, 16 యాంప్స్ ఎంసీబీకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎర్తు ఉన్నా, ఎంసీబీ ఉన్నా, రేకు మీద కరెంటు అట్లే నిలబడి ఉంటుంది.

ఈ లెక్క భాయ్ ముందే కాగితం మీద వేసి చూపించి "ఆర్‌సీసీబీ వేయించు అక్కా" అన్నాడు. ఫేజులో పోయే కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటుకూ 30 మిల్లీ యాంపియర్ల తేడా వస్తే అది పడిపోతుంది, మా ఎండిన గుంతకైనా అది చాలు. పాతవాళ్ళు ఈఎల్‌సీబీ అంటారు. ఖర్చంతా దీని దగ్గరే అయింది, ప్లగ్ టాపూ వైరూ దీని ముందు లెక్కలోకి రావు.

బుధవారం

కూలర్ ప్లగ్గు పెట్టాం. మీటర్‌తో రేకుకూ తడి గచ్చుకూ మధ్య చూస్తే ఏమీ లేదు. మా అత్త ముందు వేలి వెనక వైపుతో తాకి చూసి, తర్వాత అరచేయి మోపింది. "ఇప్పుడు బొమ్మలా ఉంది" అని పోయి పడుకుంది.

ఆదివారం, ఇంకో సంగతి

ఆర్‌సీసీబీ పొద్దున్నే టక్కున పడింది. మళ్ళీ వేస్తే నిలబడింది, కాసేపటికి మళ్ళీ పడింది. అన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాం. ఫ్రిజ్జు పెడితే నిలబడింది, మిక్సీ పెడితే నిలబడింది, కూలరూ నిలబడింది. ఇస్త్రీ పెట్టె పెట్టి కాస్త వేడెక్కగానే పడిపోయింది. ఇన్నాళ్ళూ మా ఆయన ఆఫీసు చొక్కాలన్నీ దాంతోనే, ఎర్తు గుంత తెగి ఉన్నంత కాలం అది నోరు విప్పలేదు. వైరు విప్పి చూస్తే ప్లగ్గు బాగానే ఉంది, నూలు అల్లిక కింద తీగలూ బాగానే ఉన్నాయి, లీకు ఎలిమెంటులోనే ఉంది. వేడెక్కితేనే లీకవుతోంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు మీటర్ పెడితే ఏమీ చూపించదు.

ఎలిమెంటు మార్చాలా, పెట్టే మార్చాలా అన్నది రేపు షాపులో అడిగాక. ఈలోగా దాని వైరు పెట్టె నుంచి విప్పేసి విడిగా పెట్టాను, ఎవరూ మాట వినకుండా ప్లగ్గులో పెట్టకుండా. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలని క్యాలెండర్‌లో కరెంటు బిల్లు తేదీ పక్కన రాసిపెట్టాను.